కిడ్నీ మార్పిడి అయినవాళ్లు, శ్వాస వైరస్ మహమ్మారి: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జైపూర్ వైపు ఉన్న మన తెలుగువాళ్లలో కిడ్నీ మార్పిడి చేయించుకున్న చాలామందికి ఇల్లు ఒక రాష్ట్రంలో, డాక్టరు ఇంకో రాష్ట్రంలో. ఆపరేషన్ విశాఖపట్నంలోనో, హైదరాబాదులోనో, వేలూరులోనో అయి ఉంటుంది. మామూలు రోజుల్లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి ఫాలోఅప్‌కి చేరిపోతాం. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టాక ఆ రైలు ఆగిపోయింది, హైవే మీద గేట్లు పడ్డాయి. మా చెల్లి ఒంట్లో ఉన్నది మా అమ్మ కిడ్నీ. ఆ రోజుల్లో మా ఇంట్లో పడ్డ టెన్షన్ మాకు తెలుసు. ఆ తర్వాత ఎవరింట్లో మార్పిడి జరిగినా మమ్మల్ని అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే, అందుకే ఒకచోట రాశాను. కొవిడ్ కోసం నేర్చుకున్నవే ఇందులో ఎక్కువ. ఫ్లూకైనా, రేపు వచ్చే ఇంకో వైరస్‌కైనా వీటిలో చాలా భాగం పనికొస్తుంది. మందుల మోతాదు మాత్రం మీకు మార్పిడి చేసిన టీమే చెప్పాలి. దానికి ఈ పేజీ బదులు కాదు.

అందరికీ వచ్చే జలుబు, జ్వరమే కదా. మార్పిడి అయినవాళ్లకే ఎందుకంత భయం?

కొత్త కిడ్నీని శరీరం ఎప్పటికీ పరాయిదిగానే చూస్తుంది. దాని మీద దాడి జరగకుండా టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసోలోన్ లాంటి మందులతో రోగనిరోధక శక్తిని జీవితాంతం కొంత తగ్గించి ఉంచుతారు. వైరస్‌తో పోరాడేదీ ఆ శక్తే. అందుకే వైరస్ ఊపిరితిత్తుల్లోకి తేలిగ్గా దిగుతుంది, ఒంట్లోంచి పోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. పైగా వీళ్లలో చాలామందికి షుగరు, బీపీ ఉంటాయి.

కొవిడ్ మొదటి ఏడాది మన దేశంలో 13 ట్రాన్స్‌ప్లాంట్ సెంటర్ల డాక్టర్లు కలిసి, కొవిడ్ వచ్చిన 250 మంది కిడ్నీ గ్రహీతల వివరాలు ప్రచురించారు. వాళ్లలో 11.6 శాతం మంది చనిపోయారు. మామూలు జనంతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. అదే అంకెను ఇంకోలా చదివితే, ప్రతి పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బయటపడ్డారు. భయపడాల్సినంత భయపడండి, ఆశ వదులుకోవద్దు.

ఆపరేషన్ అయిన మొదటి కొన్ని నెలలు, రిజెక్షన్‌కి (అంటే శరీరం కొత్త కిడ్నీ మీద దాడి చేయడానికి) వైద్యం చేయించుకున్న తర్వాతి నెలలు అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సినవి. మందుల బలం అప్పుడే ఎక్కువ.

ఈ మందుల వల్లే ఒంట్లో శక్తి తగ్గుతోందంటున్నారు. వైరస్ తిరుగుతున్నన్నాళ్లు మాత్రలు కొన్ని ఆపితే మంచిది కదా?

అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది, అన్నిటికంటే ప్రమాదమైనది ఈ ప్రశ్నే. మా చెల్లి అత్తగారు ఎంతో ప్రేమతోనే అన్నారు: "రెండ్రోజులు ఆపితే ఏటవుతాదమ్మా, ఒంట్లో కాస్త సత్తువ వస్తాది కదా." ఆవిడ మాటలో తర్కం ఉంది, అందుకే దానికి సరైన జవాబు చెప్పాలి.

మాత్ర ఆపితే వైరస్‌ని ఎదుర్కొనే శక్తి రెండ్రోజుల్లో తిరిగి రాదు. కొత్త కిడ్నీ మీద దాడి మాత్రం మొదలైపోవచ్చు. రిజెక్షన్ చాలాసార్లు నొప్పి లేకుండా వస్తుంది. కాళ్ల వాపు, మూత్రం తగ్గడం కనబడేసరికి క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష అంకె) బాగా పెరిగిపోయి ఉంటుంది. అప్పుడేం చేస్తారు? ఆసుపత్రిలో చేర్చి పెద్ద మోతాదులో స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు, కొందరికి అంతకంటే బలమైన మందులూ ఇస్తారు. అంటే మహమ్మారి మధ్యలో, రోగులు నిండిన ఆసుపత్రిలో, రోగనిరోధక శక్తిని ఇంకా తగ్గించుకుని కూర్చోవాల్సి వస్తుంది. ఏ ప్రమాదాన్ని తప్పించుకోవాలని మాత్ర ఆపారో, ఆ ప్రమాదంలోకే ఇంకా లోతుగా దిగినట్టు.

ప్రెడ్నిసోలోన్ సంగతి వేరే చెప్పాలి. ఏళ్ల తరబడి వేసుకుంటున్న స్టెరాయిడ్‌ని ఒక్కసారిగా ఆపితే, ఒంట్లో సహజంగా తయారవ్వాల్సిన స్టెరాయిడ్ తయారవ్వక బీపీ పడిపోతుంది, మనిషి సొమ్మసిల్లిపోవచ్చు. జ్వరంతో ఉన్నప్పుడైతే ఇది ప్రాణాల మీదికి తెస్తుంది.

మరి పాజిటివ్ వచ్చినవాళ్లకి డాక్టర్లే మైకోఫెనోలేట్ ఆపుతున్నారు కదా?

అవును. ఇన్‌ఫెక్షన్ ఖాయమయ్యాక, మనిషి పరిస్థితి చూసి, చాలామంది నెఫ్రాలజిస్టులు (కిడ్నీ డాక్టర్లు) ముందు మైకోఫెనోలేట్ లేదా అజాథయోప్రిన్ తగ్గిస్తారు, లేదంటే కొన్నాళ్లు ఆపుతారు. జబ్బు ముదిరితే టాక్రోలిమస్ కూడా తగ్గించొచ్చు. స్టెరాయిడ్‌ని సాధారణంగా కొనసాగిస్తారు, ఒక్కోసారి పెంచుతారు. ఇదంతా క్రియాటినిన్, టాక్రోలిమస్ లెవెల్ (రక్తంలో ఆ మందు ఎంత ఉందో), ఆక్సిజన్, ఆపరేషన్ అయి ఎన్నాళ్లయింది, ఇంతకుముందు రిజెక్షన్ వచ్చిందా అన్నవి చూసి తీసుకునే నిర్ణయం. పక్కవీధి వాళ్లకి ఆపారని మీరు ఆపేయకూడదు. ఆపమన్నప్పుడు "మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి?" అని అప్పుడే అడిగి కాగితం మీద రాయించుకోండి. జ్వరం తగ్గిన సంతోషంలో ఆపిన మాత్రని మళ్లీ మొదలుపెట్టడం మరిచిపోయేవాళ్లు ఉంటారు.

జ్వరం వచ్చింది. మొదట ఏం చేయాలి?

మొదట ఫోన్ చేయాలి. రేపు చూద్దాం అని ఆగకూడదు. స్టెరాయిడ్ వేసుకునేవాళ్లకి జ్వరం ఎక్కువగా కనబడకపోవచ్చు. అందుకే 100 డిగ్రీలు దాటితేనే కాదు, ఉన్నట్టుండి నీరసం, పొడిదగ్గు, గొంతునొప్పి, విరేచనాలు, వాసన తెలియకపోవడం లాంటిది ఏది వచ్చినా చెప్పండి.

ఫోన్ చేసేముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: ఆపరేషన్ తేదీ, చివరి క్రియాటినిన్ ఎంత, చివరి టాక్రోలిమస్ లెవెల్ ఎంత, ఇప్పుడు వేసుకుంటున్న మందుల పేర్లు, మిల్లీగ్రాములు, ఇవాళ్టి జ్వరం, బీపీ, బరువు, ఆక్సిజన్, నిన్నటి నుంచి మూత్రం ఎంత వచ్చింది. మా ఇంట్లో ఈ కాగితం ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంటుంది, ప్రతి ఫాలోఅప్ తర్వాత అంకెలు మారుస్తాం. రాత్రి పదకొండుకి డ్యూటీ డాక్టరు ఫోన్ ఎత్తితే వాళ్లకి మనిషి తెలియదు, ఫైలు ఎదురుగా ఉండదు. ఆ ఒక్క కాగితం చదివితే రెండు నిమిషాల్లో సంగతి అర్థమవుతుంది.

వైరస్ పరీక్ష మొదటి రోజే చేయించండి. ర్యాపిడ్ టెస్టులో నెగిటివ్ వచ్చి లక్షణాలు తగ్గకపోతే ఆర్‌టీపీసీఆర్ చేయించాలి. ఫ్లూ అయితే ఒసెల్టమివిర్ అనే మందు ఉంది, లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేస్తే బాగా పనిచేస్తుంది, మోతాదు మాత్రం కిడ్నీ పనితీరుని బట్టి డాక్టరు చెప్పాలి. కొవిడ్ మందులు కూడా మొదటి రోజుల్లో ఇస్తేనే ఎక్కువ ఉపయోగం. మూడు రోజులు ఇంట్లో చూసి వెళ్దాం అనుకుంటే ఆ అవకాశం పోతుంది.

వేలికి పెట్టే ఆక్సిమీటరు ప్రతి ఇంట్లో ఉండాలి. కూర్చున్నప్పుడు చూడండి, తర్వాత ఇంట్లోనే ఆరు నిమిషాలు నడిచి మళ్లీ చూడండి. 94 కంటే తగ్గినా, నడిచాక మూడు నాలుగు అంకెలు పడిపోయినా ఆసుపత్రికి బయల్దేరాలి. గోళ్లరంగు ఉంటే తీసేయండి, చెయ్యి చల్లగా ఉంటే రుద్ది వేడి చేసుకున్నాకే చూడండి.

జ్వరానికి, ఒళ్లునొప్పులకి ఏ మాత్ర వేసుకోవచ్చు?

పారాసిటమాల్. అంతే.

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్, నిమెసులైడ్ కిడ్నీకి రక్తప్రవాహం తగ్గిస్తాయి. టాక్రోలిమస్ కూడా కొంత అదే పని చేస్తుంది కాబట్టి రెండూ కలిస్తే దెబ్బ మీద దెబ్బ. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే మొదట చేతికి వచ్చేది నొప్పి ఇంజెక్షనే. దానిలో ఉండేది సాధారణంగా డైక్లోఫెనాక్. పారాసిటమాల్‌తో పాటు ఎసిక్లోఫెనాక్ కలిపిన మాత్రలూ షాపుల్లో తెగ అమ్ముడుపోతాయి, స్ట్రిప్ వెనక రాసింది చదవకుండా వేసుకోవద్దు.

ఇంకా ఏ మందులతో ఇబ్బంది?

టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్, ఎవరోలిమస్ కాలేయంలో, పేగుల్లో ఒకే దారిలో విరిగిపోతాయి. ఆ దారిని మూసే మందు ఏది వేసినా రక్తంలో లెవెల్ ఎగిరిపోతుంది, చేతులు వణుకుతాయి, క్రియాటినిన్ పెరుగుతుంది. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లు, ఫ్లూకొనజోల్, ఇట్రాకొనజోల్ లాంటి ఫంగస్ మందులు, డిల్టియాజెమ్ అనే బీపీ మందు ఆ కోవలోవి. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకి ఇచ్చే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ దీనికి పూర్తి వ్యతిరేకం. ఇవి లెవెల్‌ని పడగొట్టి రిజెక్షన్‌కి దారి తీస్తాయి.

కొవిడ్ మందుల్లో నిర్మాట్రెల్విర్‌తో కలిపి ఇచ్చే రిటోనావిర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కొవిడ్‌కి మంచి మందే, కానీ టాక్రోలిమస్‌ని ప్రమాదకరమైన స్థాయికి తీసుకుపోతుంది. మార్పిడి టీముకి తెలియకుండా దీన్ని వేసుకోవడమే వద్దు. అందుకే చాలా సెంటర్లు రెమ్‌డెసివిర్ వైపు మొగ్గుతాయి. గ్యాస్‌కి వాడే అల్యూమినియం, మెగ్నీషియం సిరప్‌లు మైకోఫెనోలేట్‌ని ఒంటికి పట్టనివ్వవు, రెండిటి మధ్య ఎడం ఉండాలి. ఐవర్‌మెక్టిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ కొవిడ్‌కి పనిచేయవని పెద్ద పరీక్షల్లో తేలిపోయింది. పాత చీటీ చూపించి మళ్లీ కొనొద్దు.

తిప్పతీగ కషాయం, ఇమ్యూనిటీ పెంచే పొడులు తాగొచ్చా?

వద్దు. ఒంట్లో రోగనిరోధక శక్తిని కావాలనే తగ్గించి ఉంచాం, కిడ్నీ నిలవడానికి. దాన్ని పెంచుతామని చెప్పే ఏ పొడి అయినా నిజంగా పనిచేస్తే కిడ్నీకి ముప్పు, పనిచేయకపోతే డబ్బు దండగ. కొవిడ్ రోజుల్లో తిప్పతీగ ఎక్కువగా వాడినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు మన దేశంలో డాక్టర్లే రాశారు. ఊరూపేరూ లేని నాటు మందుల్లో ఏం కలుపుతారో చూసే నాథుడు లేడు.

అల్లం, మిరియాలు చారులో వేసుకుంటే ఏమీ కాదు. ఆవిరి పట్టడం వల్ల వైరస్ చావదు, ముక్కు మాత్రం కాస్త తేలికవుతుంది. కాలకుండా చూసుకోండి.

విరేచనాలు పట్టుకున్నాయి. మాత్ర ఒంటికి పట్టడం లేదేమో, ఇంకోటి వేసుకోవాలా?

వేసుకోకూడదు. విరేచనాలప్పుడు టాక్రోలిమస్ లెవెల్ తగ్గుతుందనుకుంటాం, నిజానికి చాలామందిలో పెరుగుతుంది. ఒకవైపు ఒంట్లో నీరు పోతుంది, ఇంకోవైపు లెవెల్ పెరుగుతుంది, రెండూ కిడ్నీ మీదే పడతాయి. ఓఆర్‌ఎస్ తాగుతూ అదే రోజు ఫోన్ చేయండి. మాత్ర వేసుకున్న వెంటనే వాంతి అయితే మళ్లీ వేసుకోవాలా వద్దా అన్నది కూడా ఆ ఫోన్‌లోనే అడగండి. ఒక పూట మాత్ర మరిచిపోతే మరుసటి పూట రెండు కలిపి వేసుకోవడం ఎప్పుడూ చేయొద్దు.

విశాఖ వెళ్లలేకపోతే టాక్రోలిమస్ లెవెల్ ఇక్కడే చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు. పరీక్ష ఇక్కడ చేయకపోయినా, పెద్ద ల్యాబుల కలెక్షన్ సెంటర్లు రక్తం తీసి బయటికి పంపుతాయి. మూడు సంగతులు గట్టిగా పట్టుకోవాలి.

రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకి, పొద్దుటి మాత్ర వేసుకోకముందు రక్తం ఇవ్వాలి. మాత్ర జేబులో పెట్టుకెళ్లి, రక్తం ఇచ్చాక అక్కడే వేసుకోండి. మాత్ర వేసుకుని వెళ్తే లెవెల్ తప్పుగా ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి మోతాదు తగ్గిస్తే రిజెక్షన్ వస్తుంది.

రక్తం ఊదారంగు మూత ఉన్న ట్యూబులో తీయాలి. ఈ మందు ఎక్కువగా ఎర్రకణాల్లో ఉంటుంది, కాబట్టి పరీక్ష మొత్తం రక్తం మీద చేస్తారు. ఒకసారి మేం వెళ్లిన చోట కొత్త కుర్రాడు క్రియాటినిన్‌కీ దీనికీ కలిపి ఎర్రమూత ట్యూబే తీశాడు. చెల్లి చెయ్యి ఇంకా బల్ల మీదే ఉంది. "తమ్ముడూ, టాక్రోలిమస్‌కి ఊదా మూతది కావాలి కదా" అని తనే అడిగింది. అతను ల్యాబుకి ఫోన్ చేసి కనుక్కుని ఇంకో ట్యూబు తెచ్చాడు. ఏళ్ల తరబడి మందు వాడేవాళ్లకి ఈ సంగతులు తెలిసుండడం అవసరం.

మూడోది, వీలైనంతవరకు ఎప్పుడూ ఒకే ల్యాబు. పద్ధతి మారితే అంకె కొంచెం మారుతుంది. రిపోర్టు మీద రక్తం ఇచ్చిన సమయం, చివరి మాత్ర సమయం రాయించి టీముకి పంపండి.

గేట్లు మూసేస్తే మందులు ఎలా? ఎన్ని నిల్వ ఉంచుకోవాలి?

ఎప్పుడూ చేతిలో ఉన్న నెల మందులు కాక ఇంకో నెలకి సరిపడా ఉండాలని నా లెక్క. అంతకంటే ఎక్కువ కొంటే మోతాదు మారినప్పుడు దండగవుతాయి, ఖరీదైన మందులు కదా. పాతవి ముందు వాడండి. టాక్రోలిమస్ గుళికలకి తేమ పడదు, రేకు కవర్లోంచి వేసుకునేటప్పుడే తీయండి. మన గంజాం ఎండల్లో కారు డ్యాష్‌బోర్డు మీద, కిటికీ పక్కన పెట్టొద్దు.

కంపెనీ మార్చొద్దు. షాపతను "అదే మందండీ, కంపెనీ వేరు" అంటాడు. మందు అదే, కానీ ఒంటికి పట్టే తీరులో చిన్న తేడా ఉన్నా టాక్రోలిమస్‌కి అది లెక్కే. తప్పనిసరై మార్చాల్సి వస్తే డాక్టరుకి చెప్పి, వారం పది రోజుల్లో లెవెల్ చూపించుకోండి. రోజుకి రెండుసార్లు వేసుకునేది, ఒకేసారి వేసుకునే నెమ్మది రకం ఒకటి కావు. పేర్లు దగ్గరగా ఉంటాయి, జాగ్రత్త.

ఇక దారి సంగతి. 2020లో గిరిసోల గేటు దగ్గర, ఇటు ఇచ్ఛాపురం వైపు పురుషోత్తపురం చెక్‌పోస్టు దగ్గర ఆగినవాళ్లకి ఈ కష్టం తెలుసు. గేటు దగ్గర నిలబడ్డ పోలీసుకి కిడ్నీ మార్పిడి అంటే ఏమిటో వివరించే టైమ్ ఉండదు. డిశ్చార్జ్ సమ్మరీ మొదటి పేజీ, తాజా ప్రిస్క్రిప్షన్, అపాయింట్‌మెంట్ మెసేజీ, ఆధార్ పైన పెట్టిన ప్లాస్టిక్ ఫోల్డరు చేతిలో ఉండాలి, సంచి అడుగున కాదు. ఒడియాలో రాసిన చీటీ శ్రీకాకుళం వైపు అందరూ చదవలేరు, తెలుగులో రాసింది ఒడిశా వైపు చదవలేరు. అందుకే మీ డాక్టరు చేత ఇంగ్లీషులో ఒక పేరా ఉత్తరం రాయించుకోండి: ఈ వ్యక్తికి మార్పిడి జరిగింది, ఈ మందులు ఒక్క పూట కూడా ఆగకూడదు, రోగితో ఒకరు తోడుండాలి అని. సంతకం, ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. మామూలు రోజుల్లోనే రాయించి ఉంచుకుంటే సరి.

ఫోన్‌లో చూపించుకుంటే సరిపోతుందా?

చాలా సంగతులకి సరిపోతుంది. లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25నే కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటి ప్రకారం ఒక రాష్ట్రంలో ఉన్న డాక్టరు ఇంకో రాష్ట్రంలో ఉన్న రోగిని ఫోన్‌లో, వీడియోలో చూడొచ్చు. సరిహద్దులో ఉన్న మనకి ఇది పెద్ద ఊరట. ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ఈ-సంజీవనిలో కూడా డాక్టరుతో మాట్లాడొచ్చు, కానీ మార్పిడి మందుల సంగతి మీ టీముతోనే తేల్చుకోండి.

ఫోన్‌కి లొంగనివి కొన్ని ఉన్నాయి. క్రియాటినిన్ మామూలు కంటే పెరగడం, మూత్రం తగ్గడం, ఒకట్రెండు రోజుల్లోనే బరువు కిలోన్నర, రెండు కిలోలు పెరగడం, కొత్త కిడ్నీ ఉన్నచోట నొప్పి, తగ్గని జ్వరం, ఆయాసం. ఇలాంటప్పుడు వైరస్ భయంతో ఇంట్లో కూర్చోకూడదు, ప్రయాణం చేయాల్సిందే.

ఊళ్లో ఒక ఫిజీషియన్‌ని ముందే చూసి పెట్టుకోండి. ఆయనకి మీ ఫైలు చూపించి, విశాఖ డాక్టరు నంబరు ఇచ్చి ఉంచండి. ఇద్దరు డాక్టర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే సగం సమస్యలు తీరిపోతాయి.

ఆసుపత్రిలో చేరాల్సి వస్తే మార్పిడి చేసిన చోటికే వెళ్లాలా?

ఆక్సిజన్ తగ్గుతుంటే ముందు దగ్గర్లో ఆక్సిజన్, ఐసీయూ ఉన్నచోటికి. బరంపురం వాళ్లకి ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, కోరాపుట్‌లో సహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఉంది. అక్కడ నిలకడ వచ్చాక మార్చే సంగతి ఆలోచించవచ్చు. ఆక్సిజన్ 85 ఉన్న మనిషిని అంబులెన్స్‌లో ఆరేడు గంటలు తిప్పడం మంచిది కాదు.

క్యాజువాలిటీలో మొదటి మాటే "కిడ్నీ మార్పిడి అయింది" అని చెప్పండి. మీ మాత్రలు మీ వెంటే తీసుకెళ్లండి. చాలా వార్డుల్లో టాక్రోలిమస్ నిల్వ ఉండదు, రోగి తెచ్చుకోకపోతే ఆ పూటలు పోతాయి. కొవిడ్ వార్డులో తోడు మనిషిని రానివ్వకపోతే, మందుల పెట్టె మీద పేరు, టైము రాసి సిస్టర్‌కి అప్పజెప్పి, పొద్దున, రాత్రి ఫోన్ చేసి "వేసుకున్నావా?" అని రోగినే అడగాలి.

ఛాతీ సీటీకి కాంట్రాస్ట్ ఇంజెక్షన్ (స్కాన్‌లో స్పష్టంగా కనబడడానికి ఎక్కించే మందు) మామూలుగా అవసరం ఉండదు. ఇస్తామంటే కిడ్నీ సంగతి గుర్తు చేయండి. ఆక్సిజన్ అవసరమైనవాళ్లకి డెక్సామెథసోన్ రోజుకి 6 మిల్లీగ్రాములు ప్రాణాలు కాపాడుతుందని 2020లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్షలో తేలింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి దానివల్ల లాభం కనబడలేదు. ఇంట్లో ఉండి సొంతంగా స్టెరాయిడ్ పెంచుకోవద్దని చెప్పేది అందుకే. 2021 రెండో వేవ్‌లో బ్లాక్ ఫంగస్ ఎక్కువగా పట్టుకున్నది షుగరు అదుపులో లేక, స్టెరాయిడ్ వాడినవాళ్లనే. కొవిడ్ తగ్గాక ముఖం ఒకపక్క నొప్పి, కన్ను వాపు, ముక్కులోంచి నల్లటి స్రావం కనబడితే అదే రోజు చూపించాలి.

టీకాలు వేయించుకోవచ్చా? పనిచేస్తాయా?

వేయించుకోవాలి. మన దేశంలో 2021 మార్చి 1న 45 ఏళ్లు దాటిన దీర్ఘరోగులకి కొవిడ్ టీకా మొదలుపెట్టినప్పుడు, ఆ జబ్బుల జాబితాలో కిడ్నీ మార్పిడి అయినవాళ్లనీ, దానికోసం ఎదురుచూస్తున్నవాళ్లనీ చేర్చారు. కోవిషీల్డ్, కోవాగ్జిన్ రెండిటిలోనూ మన ఒంట్లో పెరిగే బతికున్న వైరస్ లేదు.

అయితే మార్పిడి అయినవాళ్లలో టీకా కొంత తక్కువగా పనిచేస్తుంది. అమెరికాలో 2021లో అవయవ మార్పిడి అయిన 658 మందిని చూస్తే, ఎంఆర్‌ఎన్‌ఏ టీకా రెండు డోసుల తర్వాత యాంటీబాడీలు కనబడింది 54 శాతం మందిలోనే. అందుకే వీళ్లకి అదనపు డోసులు సూచిస్తారు, అందుకే టీకా అయ్యాక కూడా మాస్క్ ఉండాలి. ఇంట్లో మిగతావాళ్లంతా టీకా వేయించుకోవడం అన్నిటికంటే మంచి కవచం.

ఏటా ఫ్లూ ఇంజెక్షన్, న్యుమోకోకల్ టీకా కూడా అడిగి వేయించుకోండి. మార్పిడి తర్వాత బతికున్న వైరస్‌తో చేసే టీకాలు వద్దు: తట్టు-గవదబిళ్లల టీకా, ఆటలమ్మ టీకా, ముక్కులో కొట్టే ఫ్లూ స్ప్రే లాంటివి. ఆపరేషన్ ముందే అవసరమైనవి వేయించుకోవాలి. ఇంట్లో చిన్నపిల్లలకి పోలియో చుక్కలు వేయించాక కొన్ని వారాలు వాళ్ల మలంలో ఆ వైరస్ వస్తుంది. పిల్లలకి టీకా మానొద్దు, కానీ డైపర్ మార్చే పని ఇంకొకరు చూసుకోవాలి, మీ డాక్టరుకీ ఒక మాట చెప్పండి.

చిన్న ఇల్లు. సూరత్ నుంచి మా వాళ్లు వచ్చారు. విడిగా ఉండేదెలా?

గంజాం జిల్లాలో 2020 వేసవిలో ఎన్నో ఇళ్లలో ఎదురైన కష్టం ఇది. సూరత్‌లో మిల్లులు మూసేస్తే ఇంటికి వచ్చిన కొడుకుని గుమ్మంలో ఆపడం ఏ తల్లికైనా చేతకాదు. వచ్చినవాళ్లని వేరేచోట ఉంచలేకపోతే మార్పిడి అయిన మనిషినే వేరే ఉంచండి: గాలి ఆడే గది, లేదంటే వసారా. కిటికీలు తెరిచి ఉంచండి, ఏసీ వద్దు. ఇద్దరూ ఎదురుపడితే ఇద్దరికీ మాస్క్, మార్పిడి అయిన మనిషికి ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్95. భోజనం వేరే టైములో, ఎందుకంటే మాస్క్ తీసేది అప్పుడే. ఒకే బాత్రూమ్ అయితే మార్పిడి అయిన మనిషి మిగతావాళ్లకంటే ముందు వెళ్లాలి.

గుళ్లు, పెళ్లిళ్లు, బరంపురం ఠాకురాణి యాత్ర జనం: వైరస్ ఉధృతంగా ఉన్నప్పుడు వద్దు. బంధువులు నొచ్చుకుంటారు, తర్వాత సర్దుకుంటారు.

తిండి, నీళ్లు?

డాక్టరు కొలత పెట్టకపోతే నీళ్లు బాగా తాగాలి, రోజుకి రెండున్నర, మూడు లీటర్లు. మన వేసవిలో ఒంట్లో నీరు తగ్గితే క్రియాటినిన్ వెంటనే చెబుతుంది. కాచి చల్లార్చినవే తాగండి.

పంపర పనస తినొద్దు. మన తోటల్లో కాసే పండే కదా అని ఎవరూ అనుమానించరు, కానీ అది టాక్రోలిమస్ లెవెల్ పెంచుతుంది. కమలా, బత్తాయి సంగతి వేరు, షుగరు, పొటాషియం చూసుకుని తినొచ్చు. రాత్రి నానబెట్టిన చద్దన్నం, పఖాళ మీద మనకి ఎంత ప్రేమో నాకు తెలుసు. బయట పెట్టి పులియబెట్టింది మాత్రం మొదటి ఏడాది వద్దు, ఆ తర్వాత డాక్టరుని అడిగి. అప్పుడే వండిన అన్నంలో పెరుగు కలుపుకోండి.

కిడ్నీ ఇచ్చిన అమ్మకి కూడా ఇంతే ప్రమాదమా?

కాదు. ఆవిడ రోగనిరోధక మందులు వేసుకోవడం లేదు, కాబట్టి వైరస్ విషయంలో ఆ వయసు వాళ్లందరిలాగే. ఒక్క కిడ్నీయే ఉంది కాబట్టి నొప్పి మాత్రలు వద్దు, బీపీ చూసుకోవాలి, ఏడాదికోసారి క్రియాటినిన్, మూత్రపరీక్ష చేయించాలి. ఇచ్చినవాళ్లని ఇంట్లో మరిచిపోతుంటారు, ఆవిడ ఫాలోఅప్ కూడా అదే కాగితం మీద రాయండి.

ఇంకా ఆపరేషన్ కాలేదు. మహమ్మారి వల్ల వాయిదా వేశారు. ఏం చేయాలి?

2020 మొదట్లో దేశమంతా బతికున్న దాతల ఆపరేషన్లు చాలావరకు ఆపేశారు, తర్వాత పరీక్షలు చేసి మెల్లగా మొదలుపెట్టారు. ఆపరేషన్ అయిన కొత్తలోనే మందుల బలం ఎక్కువ కాబట్టి, వైరస్ ఉధృతంగా ఉన్నప్పుడు డయాలసిస్ మీద నెట్టుకురావడం సబబే. దాతకీ, గ్రహీతకీ ఇద్దరికీ వైరస్ పరీక్ష చేస్తారు. ఎవరికైనా పాజిటివ్ వస్తే ఎన్నాళ్లు ఆగాలో సెంటరు చెబుతుంది.

ఈలోగా డయాలసిస్ ఒక్కటి కూడా మానొద్దు. ఉద్దానం వైపు, ఇటు గంజాం వైపు ఎంతోమంది వారానికి రెండు మూడుసార్లు వెళ్లి కూర్చునేవాళ్లే. యూనిట్‌లో అందరి మధ్య గంటల తరబడి ఉండాలి కాబట్టి మాస్క్ తీయకుండా, అక్కడ ఏమీ తినకుండా గడపండి. జ్వరం ఉంటే యూనిట్‌కి ముందే ఫోన్ చేసి చెప్పండి, వేరే షిఫ్టులో చేస్తారు. దాచిపెట్టి వెళ్తే పక్క మంచం మనిషికి అంటుతుంది.

బ్రెయిన్ డెడ్ దాతల నుంచి వచ్చే కిడ్నీ కోసం పేరు రాయించుకోవడానికి ఆ రాష్ట్రం వాళ్లే అయి ఉండాలన్న షరతుని 2023లో కేంద్రం తీసేయమంది. ఒడిశా ఆధార్ ఉందని విశాఖలో మీ పేరు రాసుకోకపోతే ఈ సంగతి చెప్పి అడగండి. దాత వేరే రాష్ట్రంలో ఉండి దగ్గరి బంధువు కాకపోతే అటువైపు నుంచి కూడా అనుమతి కాగితాలు కావాలి. ఆపరేషన్ వాయిదా పడ్డ ఈ నెలల్లో ఆ కాగితాలు పూర్తి చేసి, కావాల్సిన టీకాలన్నీ వేయించి, పళ్లు డాక్టరుకి చూపించి ఉంచండి. తేదీ ఇచ్చినప్పుడు మళ్లీ ఆగాల్సిన పని ఉండదు.